పడిపోయిన డ్రోన్ ఏ దిక్కున ఉందో మైనం బంతితో కనుక్కోవడం ఎలా

మొక్కజొన్న చేలో డ్రోన్ పడిపోతే వెతకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకే తెలుస్తుంది. మా తమ్ముడి ఎఫ్‌పీవీ డ్రోన్ (దాని కెమెరా వీడియోని గాగుల్స్ అనే కళ్లద్దాల తెరలో చూస్తూ నడిపేది) అలాగే పడింది. గాగుల్స్‌లో వీడియో ఇంకా వస్తూనే ఉంది. తెరంతా ఒకే ఒక్క ఆకు, దాని మధ్య ఈనె, పక్కన తడి మట్టిపెళ్ల. "అన్నా, సిగ్నల్ ఉంది, ఎక్కడుందో తెలీట్లేదు" అంటూ వాడు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే అక్కడ బ్యాటరీ తగ్గిపోతోంది, ఇక్కడ నాకు టెన్షన్ పెరిగిపోతోంది. సిగ్నల్ మన దాకా వచ్చిందంటే అది ఏ వైపు నుంచి వచ్చిందనే సంగతి కూడా దానితోపాటే వచ్చినట్టు. చదవడానికి మన దగ్గర సాధనం లేదు, అంతే. ఆ సాధనం ఇంట్లో ఎలా తయారు చేసుకోవాలో చెప్తాను: ఒక మైనం బంతి, దాని వెనక ఐదు అల్యూమినియం గొట్టాలు, ఐదు చవక రిసీవర్లు, ఒక ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు).

ముందు అసలు సంగతి అర్థం చేసుకోండి, లేకపోతే కొలతలు ఎందుకలా ఉన్నాయో తెలియదు. చిన్నప్పుడు భూతద్దంతో ఎండలో కాగితం కాల్చే ఉంటారు. భూతద్దం కదపకుండా ఉంచితే పొద్దు జరిగేకొద్దీ ఆ వెలుగు చుక్క కాగితం మీద జరుగుతుంది. అంటే వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ చుక్క పడిన చోటు చెప్పేస్తుంది. రేడియో తరంగాలకూ ఇదే వర్తిస్తుంది. 1888లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హెర్ట్జ్ గట్టి తారుతో అర టన్ను పైగా బరువున్న పట్టకం పోసి, రేడియో తరంగాలు కూడా వెలుగులాగే వంగుతాయని చూపించాడు. మనం తారు బదులు పారఫిన్ మైనం వాడతాం, పట్టకం బదులు బంతి చేస్తాం. బంతి వెనక వంపుగా ఐదు గొట్టాలు పెడితే, ఏ గొట్టంలో సిగ్నల్ ఎక్కువ పడిందో చూసి దిక్కు చెప్పొచ్చు.

మామూలు యాంటెన్నా అర్రేలో (వరసగా పేర్చిన యాంటెన్నాలు) దిక్కు తెలియాలంటే ఒక్కో యాంటెన్నాకు తరంగం ఎంత ముందు, ఎంత వెనక చేరిందో కొలవాలి. దానికి ఒకే గడియారం మీద నడిచే రిసీవర్లు కావాలి, ఖరీదు కూడా చాలా ఎక్కువ. లెన్స్ ఉంటే ఆ లెక్కంతా మైనమే చేసి పెడుతుంది, మనం కొలవాల్సింది బలం ఒక్కటే. నాకు ఈ పద్ధతి ఇంతగా నచ్చడానికి కారణం ఇదే.

కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఎఫ్‌పీవీ అనలాగ్ వీడియో ట్రాన్స్‌మిటర్లు ఎక్కువగా 5.8 గిగాహెర్ట్జ్ చుట్టూ పనిచేస్తాయి. నేను 5805 మెగాహెర్ట్జ్ ఛానెల్ తీసుకున్నాను, తరంగదైర్ఘ్యం 51.6 మి.మీ. లెన్స్ అడ్డకొలత తరంగదైర్ఘ్యానికి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి, అంతకంటే చిన్నదైతే చుక్క చెదిరిపోతుంది. 7వ నంబరు బాస్కెట్‌బాల్ అడ్డకొలత సుమారు 24 సెం.మీ., అంటే 4.6 రెట్లు. ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరికే గుండ్రటి అచ్చు అది. అంత బంతికి ఒక్కో గొట్టం చూసే కిరణపుంజం సుమారు 14 డిగ్రీల వెడల్పు ఉంటుంది.

పారఫిన్ వక్రీభవన గుణకం దాదాపు 1.5. ఒకే పదార్థంతో చేసిన బంతికి నాభి (కిరణాలు కలిసే చోటు) దూరం, బంతి కేంద్రం నుంచి కొలిస్తే, గుణకాన్ని వ్యాసార్థంతో హెచ్చవేసి, గుణకంలోంచి ఒకటి తీసేసిన దానికి రెండింతలతో భాగిస్తే వస్తుంది. మనకు అది వ్యాసార్థానికి ఒకటిన్నర రెట్లు, అంటే 18 సెం.మీ. అయితే ఇది బంతి నడుమగా వెళ్లే కిరణాలకే. అంచుల నుంచి వచ్చేవి ఇంకా ముందే కలుస్తాయి, గీసి చూస్తే 14 నుంచి 17 సెం.మీ. మధ్య పడతాయి. అందుకే గొట్టాల మూతులు కేంద్రం నుంచి 16 సెం.మీ. దూరంలో మొదలుపెట్టి, తర్వాత ముందుకూ వెనక్కూ జరిపి చూసుకోవాలి. మధ్యలో సాంద్రత ఎక్కువగా, అంచుకు వెళ్లేకొద్దీ గాలికి సమానమయ్యేలా ఉండే బంతికి ఈ అంచుల గొడవ ఉండదని 1944లో గణిత శాస్త్రవేత్త రుడాల్ఫ్ లూన్‌బర్గ్ లెక్కకట్టాడు, దానికి నాభి సరిగ్గా బంతి ఉపరితలం మీదే పడుతుంది. కానీ అలాంటిది ఇంట్లో చేయడం అయ్యే పని కాదు, మన పనికి ఒకే మైనం సరిపోతుంది.

బంతి పోయడం

అచ్చు కోసం నేను వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్ల పద్ధతి తీసుకున్నాను. బాస్కెట్‌బాల్‌కి గట్టిగా గాలి కొట్టి, నడుం చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. పైసగానికి పల్చగా వ్యాజిలిన్ రాయండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి, అందులో కొబ్బరిపీచు ముంచి, గీత దాకా రెండు సెంటీమీటర్ల మందాన పొరలు పొరలుగా వేయండి. రెండు మూడు కిలోల ప్లాస్టర్ చాలు. గంట తర్వాత బంతిలో గాలి తీసేస్తే అది ముడుచుకుని, చేతితో లాగగానే ఊడి వచ్చేస్తుంది. గాలి తీయకుండా లాగితే అచ్చు అంచు విరుగుతుంది, మొదటిసారి నాకు అదే జరిగింది.

మైనం 58–60 డిగ్రీల గ్రేడు తీసుకోండి, కొవ్వొత్తులు చేసేవాళ్ల దగ్గర పలకలుగా దొరుకుతుంది. బంతికి ఆరున్నర కిలోలు పడుతుంది, కరిగి గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి ఏడున్నర కిలోలు తెచ్చుకోండి. నేరుగా పొయ్యి మీద ఎప్పుడూ కరిగించొద్దు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ దాంట్లో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. ఎప్పుడైనా మైనానికి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టి ఊపిరాడకుండా చేయాలి. పిల్లలు తిరిగే చోట ఈ పని అసలు పెట్టుకోకండి.

పోసే ముందు ప్లాస్టర్ అచ్చును పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి తీయండి, అప్పుడు మైనం అంటుకోదు. లోపల నీటి బొట్టు నిలవకుండా మాత్రం గుడ్డతో బాగా తుడవాలి, బొట్టు ఉంటే వేడి మైనం చిట్లి మీద పడుతుంది. అచ్చును ఇసుక నింపిన తొట్టిలో కదలకుండా కూర్చోబెట్టి, 70 డిగ్రీల దగ్గర మైనాన్ని మెల్లగా, గిన్నె అంచు మీదుగా జారేలా పోయండి. ఒక అరగంటకు పైన మీగడలాగా తెల్లటి పొర కడుతుంది. దాని కింద మైనం కుంచించుకుపోతూ లోపల బొరియ ఏర్పడుతుంది, పైకి ఏమీ కనిపించదు. అల్లికసూదితో ఆ పొరను నాలుగైదు చోట్ల లోతుగా పొడిచి, కరిగిన మైనం మళ్లీ పోయండి. గంట గంటకూ ఇలా మూడుసార్లు చేయాలి. ఓపిక పట్టలేక ఈ మెట్టు వదిలేస్తే బంతి నడుమ పిడికెడంత గాలి బుడగ మిగులుతుంది, సరిగ్గా ఎక్కువ కిరణాలు వెళ్లే చోట. రాత్రంతా వదిలేసి పొద్దున తీయండి. రెండో సగం కూడా అదే అచ్చులో పోసుకోవచ్చు.

రెండు సగాల చదును ముఖాల్ని వేడి స్టీలు పళ్లెం మీద కాస్త రుద్దితే కరిగి నున్నగా అవుతాయి. వెంటనే ఒకదాని మీద ఒకటి నొక్కి పట్టుకుంటే అతుక్కుపోతాయి. పైన రెండు మూడు మిల్లీమీటర్ల గుంటలున్నా, బాస్కెట్‌బాల్ గీతలు పడినా ఫర్వాలేదు, మన తరంగం ముందు అవి లెక్కలోకి రావు. బంతిని కుండల కింద పెట్టే చుట్టకుదురు మీద కూర్చోబెట్టండి. గడ్డి కుదురు పొడిగా ఉన్నంత కాలం రేడియో తరంగాలకు అడ్డు రాదు. తడి గుడ్డ మాత్రం పెట్టొద్దు.

ఇంకో మాట. ఎండాకాలం మధ్యాహ్నం మన డాబాల మీద, కారు డిక్కీలో ఈ బంతిని వదిలేయకండి. అది మెత్తబడి తన ఆరున్నర కిలోల బరువుకి తానే అడుగున చదునైపోతుంది. చూసినా తెలియనంత తేడానే ఉంటుంది, కోణాలు మాత్రం తప్పు వస్తాయి.

గొట్టాలు

కిటికీలు చేసే అల్యూమినియం షాపులో 38×25 మి.మీ. సెక్షన్ అడగండి, గోడ మందం ఒక మిల్లీమీటరు ఉన్నది. లోపలి వెడల్పు 36 మి.మీ. కాబట్టి 4.16 గిగాహెర్ట్జ్ కంటే పై తరంగాలు దాంట్లో నడుస్తాయి, మన 5.8 హాయిగా వెళ్తుంది. 9 సెం.మీ. ముక్కలు ఐదు కోయించండి. ఒక చివర అల్యూమినియం పలకతో పూర్తిగా మూసేయాలి, సందు ఉండకూడదు. మూసిన గోడ నుంచి 18.5 మి.మీ. దూరంలో, వెడల్పు ముఖం నడిమధ్యన రంధ్రం చేసి ఎస్ఎంఏ ప్యానెల్ కనెక్టర్ (రిసీవర్ తీగ తగిలించే సాకెట్) బిగించండి. దాని పిన్నుకు రాగి తీగ టంకం వేసి, గొట్టం లోపల మొత్తం పొడవు 11 మి.మీ. ఉండేలా కత్తిరించండి. ఈ 18.5 ఎందుకంటే, గొట్టం లోపల తరంగదైర్ఘ్యం బయటకంటే ఎక్కువ, సుమారు 74 మి.మీ. దాంట్లో నాలుగో వంతు అది. మీ సెక్షన్ మందం వేరైతే ఈ కొలత కూడా మారుతుంది, అందుకే వెర్నియర్‌తో కొలిచి లెక్క వేసుకోండి.

ప్లైవుడ్ మీద బంతి కేంద్రం గుర్తుపెట్టి 16 సెం.మీ. వ్యాసార్థంతో చాపం గీయండి. దాని మీద 14.3 డిగ్రీలకొకటి చొప్పున ఐదు గొట్టాలు, మూతులు కేంద్రం వైపు చూసేలా, వెడల్పు ముఖం అడ్డంగా ఉండేలా పెట్టండి. పక్కపక్క మూతుల మధ్య దూరం సరిగ్గా 4 సెం.మీ. వస్తుంది, 38 మి.మీ. గొట్టాలు రాసుకోకుండా పడతాయి. గొట్టాల ఎత్తు బంతి నడుముకు సమానంగా ఉండాలి, కింద చెక్కముక్కలు పెట్టి సరిచేసుకోండి. ఈ ఐదూ కలిసి ఎదురుగా దాదాపు 70 డిగ్రీల మేర చూస్తాయి.

రిసీవర్లు

ఆర్‌ఎక్స్5808 అనే రిసీవర్ మాడ్యూళ్లు ఐదు కావాలి, ఎఫ్‌పీవీ ల్యాప్ టైమర్లలో వాడేవే. ఒక్కోదానికి ఆర్‌ఎస్‌ఎస్‌ఐ పిన్ ఉంటుంది, సిగ్నల్ బలాన్ని బట్టి సుమారు అర వోల్టు నుంచి 1.1 వోల్టుల దాకా ఇస్తుంది. ఛానెల్ పిన్నులు మూడూ అన్నింటికీ ఒకేలా కలిపితే ఐదూ ఒకే ఛానెల్‌లో ఉంటాయి. ఐదు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ తీగలు నానోలో ఏ0 నుంచి ఏ4 దాకా. నానో మామూలుగా 5 వోల్టుల కొలబద్దతో కొలుస్తుంది, ఒక్కో మెట్టు దాదాపు 5 మిల్లీవోల్టులు, మనకది చాలా మొరటు. 3.3 వోల్టుల పిన్నుని కొలబద్ద మార్చే పిన్ను అయిన ఏరెఫ్‌కి కలిపి, ప్రోగ్రామ్‌లో బయటి రెఫరెన్స్ ఎంచుకుంటే మెట్టు 3.2 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. ప్రతి కొలతకూ యాభై రీడింగులు తీసి సగటు వేయండి. మాడ్యూళ్లకు కరెంటు నానో నుంచి ఇవ్వొద్దు, విడిగా 5 వోల్టులు 2 ఆంపియర్ల రెగ్యులేటర్ పెట్టండి. మాడ్యూళ్లను రేకు డబ్బాలో మూసి ఉంచండి. లేకపోతే సిగ్నల్ గొట్టం దాకా వెళ్లకుండానే నేరుగా మాడ్యూల్లోకి దూరిపోయి, ఐదూ ఒకే అంకె చూపిస్తాయి.

ఇవి వేడెక్కేకొద్దీ అంకెలు జరుగుతాయి. ఆన్ చేసి పది నిమిషాలు ఆగి అప్పుడు కొలవండి.

పట్టిక వేసుకోవడం

ఈ మెట్టే ప్రాణం. దీన్ని తొందరగా ముగించాలని చూడొద్దు.

ఏ రెండు మాడ్యూళ్లూ ఒకే సిగ్నల్‌కి ఒకే అంకె చూపించవు. ముందు నడిమి గొట్టానికే ఒక్కో మాడ్యూల్‌ని మార్చి మార్చి తగిలించి, మధ్యలో సిగ్నల్ బలాన్ని తెలిసినంత మేర తగ్గించే 10, 20, 30 డీబీ (డెసిబెల్, బలం తేడాకు కొలత) అటెన్యుయేటర్లు పెట్టి, ఏ డీబీకి ఎన్ని మిల్లీవోల్టులో రాసుకోండి. మధ్య భాగంలో అది దాదాపు సరళరేఖ. పై చివర మాత్రం ఎంత బలం పెంచినా అంకె కదలదు, ఆ భాగాన్ని నమ్మకూడదు. ఇక నుంచి ప్రతి రీడింగునూ ఆయా మాడ్యూల్ రేఖ ప్రకారం డీబీలోకి మార్చాకే వాడండి.

తర్వాత మొత్తం సెట్‌ని పాత తిరిగే కుర్చీ మీద పెట్టి, కింద కోణమాని ప్రింటు అంటించండి. బడి గ్రౌండు లాంటి ఖాళీ స్థలంలో 25 మిల్లీవాట్ల వీడియో ట్రాన్స్‌మిటర్‌ని రెండు మీటర్ల కర్రకు కట్టి 15 మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఈ బంతికి రెండున్నర మీటర్ల లోపు దూరంలో ఉన్న సిగ్నల్ చదునైన తరంగంగా రాదు, కాబట్టి దగ్గర పెట్టి చేసే కాలిబ్రేషన్ దండగ. కుర్చీని ఎడమ 36 డిగ్రీల నుంచి కుడి 36 దాకా రెండేసి డిగ్రీలు తిప్పుతూ ఐదు అంకెలూ రాసుకుంటే 37 వరసల పట్టిక వస్తుంది. ప్రతి వరసలోంచీ ఆ వరస సగటును తీసేయండి. అప్పుడు సిగ్నల్ దూరంగా ఉన్నా దగ్గరగా ఉన్నా పట్టింపు ఉండదు, ఐదు అంకెల ఆకారమే మిగులుతుంది. చేలో కొత్త రీడింగు వచ్చినప్పుడు దాన్నీ అలాగే సగటు తీసి, ప్రతి వరసతో తేడాల వర్గాల మొత్తం కట్టి, ఏది అన్నింటికంటే తక్కువో ఆ వరస కోణమే మీ జవాబు.

ఒక చిన్న తికమక ఉంది, చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు: లెన్స్ బొమ్మను తిరగేస్తుంది. ఎడమ నుంచి వచ్చిన సిగ్నల్ కుడి గొట్టంలో పడుతుంది. పట్టిక సరిగ్గా వేసుకుంటే అదే చూసుకుంటుంది, కానీ కళ్లతో అంకెలు చూసి దిక్కు ఊహించేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఖచ్చితత్వం ఎంత వస్తుందని అడుగుతారేమో. రెండు పక్క గొట్టాల సరిగ్గా మధ్య నుంచి సిగ్నల్ వస్తే రెండింటిలో సమానంగా ఉంటుంది, అక్కడి నుంచి ఒక్క డిగ్రీ జరిగితే వాటి మధ్య తేడా లెక్క ప్రకారం 1.75 డీబీ మారుతుంది. అంటే రీడింగులో ఒక డీబీ అటూ ఇటూ అయినా కోణంలో తప్పు సుమారు అర డిగ్రీయే. గొట్టాలు ముందుకూ వెనక్కూ జరిపి నాభి వెతికేటప్పుడు మాత్రం బలాన్నే చూడండి: నడిమి గొట్టంలో బలం గరిష్ఠంగా ఉన్న దూరమే సరైనది. జరిపిన తర్వాత పట్టిక మళ్లీ కొత్తగా వేయాలి.

చేలోకి వెళ్లాక

ఒక్క కోణం ఒక గీతనే ఇస్తుంది, చోటు తెలియాలంటే రెండు చోట్ల నుంచి కొలవాలి. ఎత్తైన చోటు చూసుకోండి, చెరువుకట్ట గానీ ట్రాక్టర్ ట్రాలీ గానీ. పచ్చని పైరు 5.8 గిగాహెర్ట్జ్‌ని బాగా మింగేస్తుంది, ఆకుల్లో నీరే దానికి కారణం. పైనుంచి చూస్తే సిగ్నల్ దాటాల్సిన ఆకులు తక్కువ. అయితే మన గొట్టాలు ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి పైకీ కిందికీ కొద్ది డిగ్రీలే చూస్తాయి. కట్ట మీద నుంచి చేలోకి చూసేటప్పుడు సెట్ మొత్తాన్ని ముందుకు కొద్దికొద్దిగా వంచుతూ ఐదింటి మొత్తం బలం ఎక్కడ ఎక్కువో అక్కడ ఆపండి.

దిక్కుకి ఫోన్ దిక్సూచిని నమ్మొద్దు, ట్రాలీ ఇనుము దాన్ని తిప్పేస్తుంది. దూరంగా కనిపించే వాటర్ ట్యాంకో, గుడి గోపురమో, సెల్ టవరో చూసి సెట్ నడిమి గీతను దానివైపు గురిపెట్టండి. ఫోన్‌లో ఉపగ్రహ మ్యాపు తెరిచి మీరున్న చోటు నుంచి ఆ గుర్తుకు గీత గీసి, దాని నుంచి ఎన్ని డిగ్రీలు ఎటువైపో లెక్కపెట్టండి. అక్కడి నుంచి 80, 100 మీటర్లు పక్కకు వెళ్లి మళ్లీ అదే పని. రెండు గీతలు లంబకోణానికి దగ్గరగా కలిస్తే మంచిది. 30 డిగ్రీల కంటే సన్నగా కలిస్తే ఆ చోటు పొడవాటి దోసకాయలా సాగిపోతుంది, ఇంకా పక్కకు నడిచి కొలవండి. 150 మీటర్ల దూరంలో ఒక డిగ్రీ తప్పు అంటే 2.6 మీటర్లు. మొక్కజొన్న సాళ్లలో అది నాలుగైదు సాళ్ల తేడా, వెతకగలం.

మోసం చేసేది ప్రతిధ్వని. పంపుసెట్ రేకుల షెడ్డు, ఇనుప గేటు, ఆగి ఉన్న కారు, వీటి మీద పడి వచ్చే సిగ్నల్ అసలుదానితో కలిసి కోణాన్ని పక్కకు లాగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: సెట్‌ని రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున పక్కకు జరుపుతూ ఏడెనిమిది సార్లు కొలవండి. నిజమైన దిక్కు అయితే కోణం నిలకడగా ఉంటుంది. ప్రతిధ్వని కలిస్తే అంకెలు ఎగిరెగిరి పడతాయి. అలా పడుతుంటే వాటిని వరసగా పేర్చి మధ్యది తీసుకోండి, లేదా ఆ షెడ్డు వెనక పడేలా ఇంకో చోటికి వెళ్లండి. బంతి మీద మంచు పడితే ఎప్పటికప్పుడు తుడుస్తూ ఉండండి, నీటి పొర కోణాల్ని పాడుచేస్తుంది.

మొదటి కొలత నిదానంగా, రెండోది వేగంగా చేయండి, ఎందుకంటే అక్కడ బ్యాటరీ మన కోసం ఆగదు. గీతలు కలిసిన చోటికి 20 మీటర్ల దాకా వచ్చాక బంతిని గట్టు మీదే వదిలేసి, ఒక గొట్టాన్ని దాని మాడ్యూల్‌తో సహా విప్పి చేత్తో పట్టుకోండి. మధ్యలో 20 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి, లేకపోతే అంకె పై చివరకు వెళ్లి అక్కడే కూర్చుంటుంది. గొట్టం మూతిని సాళ్ల మధ్య మోకాలి ఎత్తున అటూ ఇటూ తిప్పుతూ, బలం పెరిగే వైపు నడవండి. మేము మూడో సాలులో ముందు విరిగిన ప్రొపెల్లర్ చూశాం, ఆ పక్కనే తలకిందులుగా డ్రోన్, కెమెరాకి ఆనుకుని గాగుల్స్‌లో కనిపించిన అదే ఆకు.